చేరని గంటలు

ఆ సోమవారం బాలనర్సింహ చేయవలసిన పనులు ఇవి.

కార్వాన్‌లో రెండిళ్ళకు పాలు పోసి రావాలి. ఎదుటి విమాన కంపెనీ తన పైలట్లకు ఎంత జీతం ఇస్తోందో రాయాలి. తమ కంపెనీ పైలట్ల జీతాలు దాని పక్కన రాయాలి. ఒక్కొక్కరి జీతాన్ని ఆ నెల ఎగిరిన గంటలతో భాగించాలి. గంటకు అందరికంటే ఖరీదుగా తేలినవాడి పేరు కింద ఎర్రగీత గీయాలి. పదింటికల్లా ఆ కాగితం మేనేజరు బల్ల మీద పెట్టాలి.

అది 1946 వానాకాలం. యుద్ధం అయిపోయాక విమాన కంపెనీలు ఒకదాన్ని చూసి ఒకటి పుట్టుకొచ్చిన రోజులు. ఎదుటివాళ్ళు నెలకు తొమ్మిది వందలు చూపించి పైలట్లను లాగేసుకుంటున్నారు. ఒకరిని తీసేసి ఆ జీతం మిగతావారికి పంచితే తప్ప తమవాళ్ళు నిలవరని మేనేజరు ఆలోచన.

కాగితం తప్పుల్లేకుండా ఇస్తే బాలనర్సింహ గుమాస్తా ఉద్యోగం పక్కా. తప్పు దొర్లితే ఇంటికే.

పాలమ్మే బుచ్చయ్య ఇంట్లో బి.ఏ. దాకా వచ్చినవాడు అతనొక్కడే. కొడుకు నౌకరీ పక్కా అయిందని బుచ్చయ్య వారం ముందే కార్వానంతా చెప్పేశాడు.

పురానాపూల్ వంతెన దిగుతుంటే సైకిలు చైను ఊడింది.

చాయ్ హోటలు అరుగు మీంచి ఒకాయన లేచి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మాసిన కుర్తా. వంగి, రెండు నిమిషాల్లో చైను ఎక్కించాడు.

"మస్తు చేసిన్రు భాయ్. మిస్త్రీనా మీరు?"

"యంత్రాల పనే." ఆయన నవ్వాడు. "వాన దంచుతున్నది. చాయ్ తాగు, తగ్గినంక పోదువు."

బాలనర్సింహ కూర్చుని, చొక్కా లోపలి నుంచి తెల్లవారుజామునే లెక్క కట్టిన కాగితాలు తీసి, తడిశాయేమోనని చూసుకున్నాడు.

"ఏంది, పెండ్లి పత్రికలా? గట్ల గుండెకు పెట్టుకున్నవ్?"

"నా నౌకరీ భాయ్ ఇది. లెక్క తప్పితే మళ్ళ బర్ల కాడికే. మా బాపు బజార్ల తలెత్తుకోడు."

"ఇటియ్యి, చూస్త."

మిస్త్రీకి భాగహారం ఏం తెలుస్తుందిలే అనుకుంటూనే ఇచ్చాడు.

ఆయన వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. ఒకచోట వేలు ఆగింది. చాలాసేపు ఆగింది.

"సీమోను. ఎనిమిది వందలు, యాభై గంటలు. గంటకు పదహారు. ఎర్రగీత ఈయనకు పెట్టినవ్."

"ఔ. అందరికంటె ఎక్కువ ఆయనకే పడ్తది."

"పడదు. నసీరుద్దీన్‌ను చూడు. ఎనిమిది వందల పది. ఏరోడ్రోం నుంచి వచ్చిన ఈ చిట్టీల నలభై అయిదు గంటలున్నది. నువ్వు యాభై నాలుగని దింపుకున్నవ్."

బాలనర్సింహ మళ్ళీ భాగించాడు. పదిహేను కాదు, పద్దెనిమిది.

"అయ్యో! సాబ్ చూస్తే నా పని ఖతం."

"ఫికర్ చెయ్యకు. కొత్త కాగితం మీద ఎత్తి రాయి."

ఆయన అంకెలు చదువుతుంటే బాలనర్సింహ రాశాడు. రాస్తుండగా ఆయన అడిగాడు.

"తిరిగొచ్చిన గంటలు ఏ వరుసల రాస్తున్నవ్?"

"ఏం గంటలు?"

"వానల తొవ్వ కానరాక సగం కాడికెల్లి మర్లొస్తరు గద. గవి."

"గవి లెక్కల రావంట భాయ్. చేరితేనే గంట. చేరకుంటే పెట్రోలు దండుగ అంటడు మా సాబ్."

"నువ్వేమంటవ్?"

"నేనేమంట? నాదే పక్కా నౌకరీ కాదు."

ఆయన తల ఊపాడు. నసీరుద్దీన్ పేరు కింద గీయడానికి బాలనర్సింహ ఎర్ర పెన్సిల్ తీశాడు. పెన్సిల్ అందుకుని ఆయనే గీశాడు.

చాయ్ పైసలు కూడా ఆయనే ఇచ్చాడు. పేరు అడగాలని బాలనర్సింహకు తోచలేదు.

బుధవారం నౌకరీ పక్కా అయింది.

గురువారం సీమోను పత్తర్‌గట్టీలోని కంపెనీ ఆఫీసుకు వచ్చాడు. ఆయన్ను చూడడం బాలనర్సింహకు అదే మొదలు. పైలట్లు బేగంపేట ఏరోడ్రోం వదిలి ఇటు రారు.

"నసీరుద్దీన్ కప్తాన్‌ను తీసేస్తున్నరట. నిజమేనా?"

"లెక్కల గట్ల తేలింది సార్."

"లెక్కనా? ఈ వానల మూడుసార్లు మర్లొచ్చిండు. మూడుసార్లకు యాభై ఎనిమిది మంది. అందరు ఇంటికాడ బువ్వ తింటున్నరు. అది రాసినవా?"

రాయలేదు. రాయడానికి వరుస లేదు.

సీమోను తను వచ్చిన పని చూసుకున్నాడు. పెరిగిన జీతం కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయనకూ పిల్లలున్నారు.

తొలగింపు కాగితం ఇచ్చి రమ్మని మేనేజరు బాలనర్సింహనే పంపాడు. బహదూర్‌పురాలో ఇల్లు. తలుపు కొడితే తెర వెనక నుంచి ఒకావిడ అడిగింది.

"ఎవరు?"

"కంపెనీ నుంచమ్మా. కప్తాన్ సాబ్‌కు కాగితం."

లోపల చెప్పులు కదిలాయి. తెర తొలగింది. చాయ్ హోటలు దగ్గరి అదే మాసిన కుర్తా.

"నౌకరీ పక్కా అయిందా భాయ్?"

బాలనర్సింహ తల ఊపాడు. కవరు అందించాడు.

"ముబారక్. మీ బాపుకు సలాం చెప్పు." ఆయన కవరు విప్పకుండానే సంతకం పెట్టాడు.

ఇది చదివినవారికి ఒక్క విన్నపం.

ఎప్పుడైనా వానలో మీ విమానం ఊరు చేరకుండా వెనక్కి తిరిగితే, పైలట్‌ను తిట్టుకునే ముందు, ముక్కూ ముఖం తెలియని ఒక గుమాస్తా నౌకరీ నిలబెట్టడానికి తన నౌకరీ తానే తీసేసుకున్న కప్తాన్ నసీరుద్దీన్‌ను ఒక్కసారి తలచుకోండి.