రాయి వెనకపక్క

“ఎల్లుండే ఫ్యాక్టరీ శంకుస్థాపన, బుడేనన్నా. కొత్తరాయికి టైం లేదు. దీన్నే తిప్పి ఎనకపక్క చెక్కు.” కాంట్రాక్టరు సందీప్, పాణ్యంలో పీకిన పాత శిలాఫలకాన్ని ఆళ్లగడ్డలో బుడేన్ శిల్పాల కొట్టు ముందర దించాడు.

ఐదేళ్ల కిందట ఇదే ఫ్యాక్టరీ శంకుస్థాపనకు దాన్ని నంద్యాలలో ఎవరో చెక్కారు. ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం వస్తుందని నమ్మే బుడేన్, కూతురు సబాను బెంగళూరు ఉద్యోగానికి పోనివ్వడం లేదు.

“ఈసారన్నా కడతారా, అన్నా?” సబా అడిగింది.

“ఖాయమ్మా!” అన్నాడు సందీప్.

బుడేన్ ఉలితో రాయి వెనక అంటుకున్న సిమెంటు రాల్చాడు. కింద అక్షరాలు! అదే ఫ్యాక్టరీ పేరు, ఇంకా పాత తేదీతో. దీర్ఘాల ఒంపు చూసి పోల్చుకున్నాడు, చెక్కింది చనిపోయిన తన నాయన.

“దాన్ని నున్నగా గీకేసి చెక్కన్నా,” అన్నాడు సందీప్.

నాయన అక్షరాల మీద ఉలి ఆనించి, తలెత్తకుండానే అన్నాడు బుడేన్:

“సబా, బెంగళూరోళ్లకు వస్తాండానని ఫోన్ చెయ్యమ్మా.”