చెల్లెలి ఫొటోల కింద

"ఈ మాటలు రాసింది నువ్వేనా అమ్మా?" కేకుల దుకాణం యజమానురాలు ఫోను ఇటు తిప్పింది.

ఉద్యోగం కోసం వచ్చిన అక్క తొంగి చూసింది. ఫొటోలో చెల్లెలు చేసిన పెళ్లి కేకు. కింద తన మాటలు: 'ఇవి గులాబీలా? క్యాబేజీలనుకున్నా!'

చెల్లెలి పేజీకి పదివేలమంది అభిమానులు. పొద్దున్నే ఆ మెప్పులు చూసి అక్క కళ్లల్లో నిప్పులు పోసుకునేది. ఓ పుల్లవిరుపు మాట విసిరితే తప్ప ఆ మంట చల్లారేది కాదు.

"సరదాకి రాశానండీ" అంటూ నీళ్లు నమిలింది.

"యాభై మూడు ఫొటోల కిందా సరదాయేనా? ఆన్‌లైన్లో ఏం రాస్తారో చూడందే నేనెవర్నీ పనిలోకి తీసుకోను. నీ రాతలు చూసి నీ దరఖాస్తు పక్కన పడేశాను."

"మరి పిలిచారెందుకండీ?"

"ఈ క్యాబేజీల మాటకి మీ చెల్లెలిచ్చిన జవాబు చదవలేదా?"

లేదు. రాసి మూసేయడమే తప్ప వెనక్కెళ్లి చూసింది ఏనాడూ లేదు. ఇప్పుడు చదివింది.

'నిజమే అక్కా, నీ చేతికొచ్చినట్టు రేకులు నాకు రావు. నాకీ పని నేర్పింది మా అక్కేనండీ!'

ప్రతి దెప్పిపొడుపు కిందా అలాంటిదే ఒకటి.

"రేపట్నుంచి వచ్చెయ్. ఆ నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా" అంది యజమానురాలు.

మెట్లు దిగుతూనే చెల్లెలికి ఫోన్ చేసింది. "ఉద్యోగం వచ్చిందే."

"నాకు తెలుసక్కా! నీకు కాక ఇంకెవరికొస్తుంది?" అవతల చెల్లెలు గంతులేస్తోంది.

ఇంత మనసు దీనికెక్కణ్ణుంచి వచ్చిందోనని అక్కకి మళ్లీ కుళ్లు పుట్టింది.