పై వాటా నెట్టు

బాబ్జీ చేసిన దొంగతనానికి గోడకి కన్నం వెయ్యక్కర్లేదు, తాళం పగలగొట్టక్కర్లేదు. షాపు మూల దుమ్ము కొట్టుకుపోతున్న పాత వైర్‌లెస్ రౌటర్ ఒక్కటి సరిపోయింది.

2009లో బందరు కోనేరు సెంటర్ దగ్గర అతనికో నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, నాలుగూ పాతవే. కేబుల్ గుచ్చితే తప్ప వాటికి నెట్ అందదు. పై వాటాలో ఇంటి యజమాని రాజకుమారి టీచర్ గారు ఒక్కరే ఉండేవారు. రిటైరై ఆరేళ్ళయింది. బాబ్జీకి తొమ్మిదో తరగతిలో లెక్కలు చెప్పింది ఆవిడే. పరీక్షలో చీటీతో పట్టుకుని బెంచీ ఎక్కించిందీ ఆవిడే.

ఆ జూన్‌లో టీచర్ గారు వై-ఫైతో అన్‌లిమిటెడ్ నెట్ పెట్టించుకున్నారు. ఈ వయసులో ఈవిడకి నెట్టెందుకని బాబ్జీ నవ్వుకున్నాడు. మర్నాడే ఆవిడ పైకి పిలిచి, వరండా కిటికీ గట్టు మీద ఉన్న మోడెమ్ చూపించారు. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయానని, చీటీ మీద రాసిన పాస్‌వర్డ్ కాస్త చదివి పెట్టమని అడిగారు. బాబ్జీ చదివాడు. పైకి ఒకసారి, మనసులో రెండుసార్లు.

మెట్లు దిగేసరికి పథకం సిద్ధమైపోయింది. మామూలుగా రౌటర్ నెట్‌ని గాలిలోకి వదిలే పెట్టె. బాబ్జీ దాని సెట్టింగులు తిరగేసి, గాలిలో ఉన్న నెట్‌ని పట్టుకునేలా చేశాడు. పైనుంచి టీచర్ గారి వై-ఫై అందుకుంటుంది. వెనక ఉన్న నాలుగు పోర్టుల్లోంచి నాలుగు కేబుళ్ళు నాలుగు కంప్యూటర్లకి వెళ్తాయి. అంతా సవ్యంగా నడిచేసరికి తన తెలివికి తనే మురిసిపోయి, సొంత కనెక్షన్ తీయించేశాడు.

పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండో రోజు, షాపు నిండా పిల్లలు ఉండగా నెట్ పోయింది. బాబ్జీ పైకి పరిగెత్తాడు. టీచర్ గారు వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

“నెట్ బాగానే వస్తోందా అండీ?” అని ఏమీ ఎరగనట్టు అడిగాడు.

“ఏమోరా. ఫోన్ ఆఫీసులో బిల్లు కట్టడానికి క్యూలో నిలబడలేకపోతున్నాను, మోకాళ్ళు సహకరించడం లేదు. తీయించేద్దామనుకుంటున్నా.”

బాబ్జీ గబగబా లెక్క వేసుకున్నాడు. కొత్త కనెక్షన్ రావాలంటే నెల పడుతుంది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఇంకో వారంలోనే ఉంది. ఆ రోజులు చేజారితే షాపు మూసుకోవలసిందే.

“తీయించడమెందుకండీ, నేను వెళ్ళి కట్టొస్తాను కదా” అన్నాడు.

అతను క్యూలో నిలబడి తిరిగొచ్చేసరికి నెట్ వచ్చేసింది.

ఆ తర్వాత టీచర్ గారికి ఏదో ఒక అవసరం పడుతూనే ఉంది. నెట్ తీయించేస్తానన్న మాట ఆవిడ నోట్లో నానుతూనే ఉంది. ఏడాది కిందట గ్యాస్ బండ పైకి చేర్చమంటే షాపులో ఎవరూ లేరని తప్పించుకున్న బాబ్జీ, ఇప్పుడు అడక్కుండానే బండ భుజానికెత్తుకున్నాడు. గిలకలదిండి వెళ్ళి తాజా చేపలు తెచ్చాడు. ఘంటసాలలో ఉన్న ఆవిడ చెల్లెలు సువర్ణ గారింటికి బండి మీద దింపి, మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చాడు. శిష్యుడంటే బాబ్జీలా ఉండాలని వీధిలో వాళ్ళు మెచ్చుకున్నారు. భార్య కుమారి మాత్రం, మా అమ్మకి ఎప్పుడైనా ఒక్క మాత్ర తెచ్చిచ్చారా అని దెప్పింది. దొంగతనంలో ఇంత చాకిరీ ఉంటుందని బాబ్జీకి ఎవరూ చెప్పలేదు.

ఇంత చేసినా అతనెప్పుడూ గడప దాటలేదు. ట్యూషన్లు చెప్పిన రోజుల నుంచీ ఆవిడ పద్ధతి అదే, శిష్యులు ఎంతవాళ్ళైనా వరండా బల్ల దగ్గరే ఆగాలి. గ్యాస్ బండ కూడా గడప దగ్గర దింపిస్తే, పనిమనిషి ఎల్లమ్మ లోపలికి దొర్లించుకెళ్ళేది.

కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు వచ్చింది. పామిడిముక్కల నుంచి ఒక రైతు తన కూతురు హారికను వెంటబెట్టుకుని మొదటి బస్సుకే వచ్చాడు. ఆ పిల్ల సగం ఆప్షన్లు పెట్టిందో లేదో, నెట్ పోయింది. హారిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి ఏం జరిగిందో తెలియక బాబ్జీ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ షాపు గురించే భయపడిన బాబ్జీకి, మొదటిసారి ఎదుటి మనిషి గురించి భయం వేసింది.

రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళాడు. వరండాలో ఎవరూ లేరు. మోడెమ్‌లో ఒక్క దీపమూ వెలగడం లేదు. దాని వైరు కిటికీలోంచి లోపలి గదిలోకి వెళ్ళింది. ఏమైతే అయిందని గడప దాటాడు.

ప్లగ్గు గోడ నుంచి ఊడదీసి, మడత పెట్టిన గుడ్డ మీద పదిలంగా పెట్టి ఉంది. దాన్ని గుచ్చాడు. కాసేపటికి కింద నుంచి రైతు గొంతు, నెట్ వచ్చిందని వినిపించింది.

బాబ్జీ అప్పుడు చుట్టూ చూశాడు. మంచం, బీరువా, కుట్టుమిషను. పక్క గదిలో టీవీ, అటక నిండా లెక్కల పుస్తకాలు. వంటిల్లు కాక ఉన్నవి ఆ రెండు గదులే. వంటింట్లో టీచర్ గారు తీరిగ్గా రెండు గ్లాసుల్లో కాఫీ కలుపుతున్నారు.

“మీ కంప్యూటర్ ఎక్కడుందండీ?” అన్నాడు.

ఆవిడ తల తిప్పకుండానే ఒక గ్లాసు అతని వైపు జరిపారు.

“చీటీ కనబడితే నువ్వు కాపీ కొట్టకుండా ఉండలేవని తొమ్మిదో తరగతిలోనే చూశాను కదరా. నాకు కంప్యూటర్ దేనికి? పిలవగానే పైకొచ్చే మనిషి కావాలనే కదా ఈ నెట్టు పెట్టించింది.”