కొండకేమైనా చలేసిందా?

"చివరిదాకా లేవకూడదు నాన్నా. లేచావంటే నేను ఆర్ట్ కాలేజీలో చేరిపోయినట్టే," అంది కూతురు, రిమోట్ తల్లి చేతిలో పెట్టి.

"లేవకపోతే?"

"చేరాలో వద్దో నువ్వే చెప్పు. ఇంక ఎదురు మాట్లాడను."

కర్టెన్ల షాపు నడిపే మనిషికి బేరాలు కొత్త కాదు. పైగా కాలేజీలో చేరడానికి రేపే ఆఖరి రోజు. సరేనని సోఫాలో సర్దుకున్నాడు. ఈ డాక్యుమెంటరీ టీవీలో ఎప్పుడు వచ్చినా ఆయనకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. షాపుకి తాళం వేశానో లేదో అంటూ లేచి వెళ్ళిపోయేవాడు.

తెర మీద ఒక బోడికొండ. దాని మీద ఒక గడ్డం మనిషి, బోలెడుమంది కూలీలు, గుట్టలుగా నారింజ రంగు బట్ట. కొండ మొత్తాన్ని కప్పేస్తారట. అదే కళట.

"కొండకేమైనా చలేసిందా?" అన్నాడాయన.

భార్య నవ్వింది. దాంతో ఆయనకు ఊపొచ్చింది.

"కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళున్నారు. వీడికి ఆ ఎలుక కూడా దక్కదు. ఆ గడ్డం చూడు. దువ్వుకోమని చెప్పేవాళ్ళే లేరా ఇంట్లో?"

"చెప్పే ఉంటారు. వినే రకంలా ఉన్నాడా?" అంది భార్య.

కొండ ఊపిరి పీల్చడం అందరికీ కనబడాలని గడ్డం మనిషి కెమెరాకి చెబుతున్నాడు.

"రోకలి తలకు చుట్టమనే రకం," అన్నాడాయన.

కొండ సగం పైగా కప్పేశాక బట్ట చాల్లేదు. కింద అంచున ఒక పూల దుప్పటి కలిపి కుట్టారు.

"చూశారా? అది ఆ మనిషి పెళ్ళాం దుప్పటే అయ్యుంటుంది," అంది భార్య.

"అడిగే తీసుకుని ఉంటాడులే."

"అడక్కుండానే."

మూడోరోజు గాలి లేచింది. కుట్లు విడిపోయి, బట్టంతా పైకి లేచి లోయలోకి కొట్టుకుపోయింది. గడ్డం మనిషి బిక్కమొహం దాచుకుంటూ, ఇందులో గాలి కూడా కళాకారుడే అన్నాడు.

"గాలీ లేదు, గాడిద గుడ్డూ లేదు. అంచుకి ఒంటి కుట్టు వేశాడు వెధవ. మడిచి రెండు కుట్లు వేయాలని ఏ దర్జీని అడిగినా చెప్పేవాడు."

అప్పుడు కొండ కింది జనం పరుగెత్తారు. ఎవరో సైకిల్ రోడ్డు మీదే పడేసి వచ్చారు. ఒకావిడ పిండి చేతులతోనే వచ్చింది. ఎవరూ పిలవలేదు. అందరూ తలో అంచూ పట్టుకుని ఆ బట్టను మళ్ళీ కొండ మీదికి లాగుతున్నారు.

ఈసారి ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"దుమ్మా?" అంది భార్య.

"దుమ్మే. మనింట్లో కర్టెన్లు దులిపి ఎన్నాళ్ళయింది?"

చివర్లో ఎవరో గడ్డం మనిషిని అడిగారు, ఇదంతా ఎందుకు చేశారని. అతను చాలాసేపు గడ్డం గోక్కుని, "చూడాలనిపించింది," అన్నాడు. భార్య అక్కడ రిమోట్ నొక్కింది. బొమ్మ ఆగిపోయింది.

"తర్వాత ఏమయ్యాడంటావు?" అంది కూతురు.

"సైజు తగ్గించుకుని ఉంటాడు."

"చేరనా, వద్దా నాన్నా?"

ఆ పిల్ల గొంతులో బెదురు ఆయనకు వినబడింది. ఆయనకూ భయంగానే ఉంది.

"నవ్వుతారమ్మా. అందరికంటే ముందు ఇంట్లోవాళ్ళే నవ్వుతారు."

"నవ్వనీ."

"అయితే చేరు. అంచులకి మాత్రం రెండు కుట్లు వెయ్యి."

కూతురు తెర మీద ఆగిపోయిన ముఖాన్నీ, పక్కనున్న ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "నువ్వు మళ్ళీ గడ్డం పెంచు నాన్నా," అంది.