సొంత వాక్యం

"సార్, పిల్లలు కిందనే నిలబడ్డరు. క్లాసు ఉన్నట్టా, లేనట్టా?" తలుపు దగ్గర నిలబడి అడిగింది సలోమి. ఆ స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫోన్లెత్తేదీ, తలుపులు తీసేదీ ఆమే.

"లేదు. పంపించెయ్," అన్నాడు సత్యదేవ్.

"పొద్దుగాల ఉన్నదన్నరు గద సార్."

"ఇప్పుడు లేదంటున్నాను. నీకు తెలుగు కూడా నేనే నేర్పాలా?"

సలోమి మెట్లు దిగింది.

సత్యదేవ్ కుర్చీలో వెనక్కి వాలాడు. బేగంపేటలో మూడు ఆఫీసుల్లో ఉద్యోగాలు ఒకదాని తర్వాత ఒకటి వదిలేసి, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర టిఫిన్ సెంటర్ పైన ఈ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఆ మూడింట్లోనూ తన స్థాయి మనిషి ఒక్కడూ తగల్లేదు. ఇక్కడికొచ్చేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. నోరు తెరిస్తే తప్పులే.

ఇదిగో, ఇప్పుడు ఎదురుగా ఈ పెద్దావిడ. యాభై దాటి ఉంటాయి. వెలిసిన నేత చీర, ఒళ్ళో కూరల సంచి. పేరు అమ్మన్నమ్మట. రెండు బస్సులు మారి వచ్చిందట.

"ఈ వయసులో ఇంగ్లీషా? ఏబీసీడీలైనా వచ్చా?"

"నేర్చుకోడానికి కాదు బాబూ. ఒక్క మాటకి అర్థం కావాలి. మీకంటే బాగా ఎవరు చెప్తారని వచ్చాను." ఆవిడ గొంతు తగ్గించింది. "మాకు ఒక్కతే అమ్మాయి. సంబంధం వచ్చింది. అబ్బాయి ఎలాంటివాడని తెలిసినవాళ్ళని అడిగితే, 'ఎర్రాటిక్' అన్నారు. ఎర్రగా బుర్రగా ఉంటాడంటున్నారేమో అనుకున్నాం."

సత్యదేవ్ పగలబడి నవ్వాడు. ఈ ముక్క సాయంత్రం స్నేహితులకి చెప్పి తీరాలి.

"సలోమీ! పిల్లల్ని పైకి రమ్మను. క్లాసు ఉంది. ఇవాళ ఈ మాట మీదే చెప్తాను."

"మీరే పొమ్మంటిరి గద సార్. అందరు పోయిండ్రు!" కిందనుంచి కేక వినిపించింది.

"పనికిమాలిన మంద," అని గొణిగి, ఆవిడకేసి తిరిగాడు. "వినండి. ఎరుపుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. వానని ఎర్రాటిక్ అన్నారంటే, ఎప్పుడు పడుతుందో ఎప్పుడు ఎగ్గొడుతుందో తెలియదని. బండి ఇంజన్‌ని అన్నారంటే, ఎక్కడ ఆగిపోతుందో తెలియదని. అంతవరకూ ఫర్వాలేదు. మనిషిని అన్నారంటే మాత్రం అది తిట్టే."

"ఏటని తిట్టు బాబూ?"

"నిలకడ లేనివాడని. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండడు. పైగా తప్పంతా ఎదుటివాళ్ళదే అంటాడు."

"తెలివైనవాడని కూడా చెప్పారు మరి."

"ఏం చేసుకోను ఆ తెలివి? రేపేం చేస్తాడో వాడికే తెలీదు."

"పెళ్ళయ్యాక మారడా?"

"ఎందుకు మారడు? గంటకోసారి మారతాడు!" తన చమత్కారానికి తనే మురిసిపోయాడు సత్యదేవ్. "నా చెల్లెలైతే అలాంటివాణ్ణి గుమ్మం కూడా తొక్కనివ్వను. మీ ఇష్టం ఇక."

అమ్మన్నమ్మ కాసేపు అతని ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. బుర్రకెక్కలేదు కాబోలు అనుకున్నాడు.

"ఇంకోసారి చెప్పమంటారా? ఈసారి మెల్లిగా?"

"వద్దు బాబూ. బాగా అర్థమైంది. పిల్ల బతుకు నిలబెట్టారు."

ఆవిడ సంచి సర్దుకుని లేచింది. సత్యదేవ్ అప్పటికే ఫోన్ చూసుకుంటున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, ఆవిడ మెల్లిగా అంది.

"ఆదివారం పెళ్ళిచూపులకి అల్వాల్‌లో మా ఇంటికి రావద్దని మీ అమ్మగారికి నేనే ఫోన్ చేసి చెప్పేస్తాలెండి."