తుమ్మకు పదును

పొద్దున్నే మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. కోరుట్లలో వడ్రంగం చేసే సదానందం వాకిట్లో కూర్చున్నాడు. మస్కట్ నుంచి నెల సెలవని వచ్చిన కొడుకు వేణు తాను తెచ్చుకున్న జపాన్ ఉలులు గోనె మీద పరిచాడు.

"వెనుక గుంత పడ్డది. అరిగిన మాలు అంటగట్టిండ్రారా?"

"గుంత జపానోళ్లే పెడ్తరు బాపూ. జల్ది నూరొచ్చని."

"పనిదొంగలన్నట్టు."

వేణు నవ్వలేదు. వెడల్పువి పక్కన పెట్టి, సన్నదాన్ని ఎంచి సానరాయి మీద పెట్టాడు. మస్కట్‌లో మెత్తటి కర్రతో పని గనుక మొన్నటిదాకా ఉలిని బాగా వాల్చి నూరేవాడు. ఇవాళ లేపి పట్టాడు.

"గంత లేపినవేంది?"

"తుమ్మకు. పల్చగుంటే అంచు ఇరుగుతది."

"మస్కట్‌ల తుమ్మ ఏడిది?"

రాయి మీద చప్పుడు ఆగింది.

"కంపెనీ మూసిండ్రు బాపూ. మళ్ల పోయేది లేదు."

సదానందం ఉలి అంచును బొటనవేలితో తడిమాడు.

"అయితే ఇంకింత లేపు. మన తుమ్మ ఎండితే ఇనుమే."

మధ్యాహ్నం వేణు తల్లి అన్నం పెట్టింది. కొడుకు ప్రయాణానికని ఆమె గట్టిగా కట్టిపెట్టిన సకినాల డబ్బాను సదానందం విప్పి, మూడు కంచాల్లో వేశాడు. ఆమె ఆయన వంక చూసింది, కొడుకు వంక చూసింది. తర్వాత తానూ కూర్చుంది.