రెండో డాక్టరు వచ్చేదాకా

పొద్దుటి నుంచి స్కానింగులు చేసి చేసి డాక్టర్ శాంభవి అలిసిపోయింది. ఇప్పుడు స్క్రీన్ మీద బిడ్డ గుండె కదలడం లేదు. ఇలాంటప్పుడు మరో డాక్టరు కూడా చూసి నిర్ధారించేదాకా ఏమీ చెప్పకూడదన్నది నియమం.

"ఏమైందండీ?" స్కానింగు బల్ల మీద పడుకున్న శ్రీదుర్గ అడిగింది. గన్నవరం నుంచి ఒక్కతే వచ్చింది.

"హైమవతి డాక్టరు గారు కూడా ఒకసారి చూడాలమ్మా. పిలిపిస్తాను."

"పోయినసారి కాన్పుకీ ఇట్టాగే అన్నారండీ. అనేసి బయటికెళ్ళిపోయారు. ఆ గదిలో నేనొక్కదాన్నే ఉండిపోయా." శ్రీదుర్గ బల్ల మీంచి తల ఎత్తింది. "మీరేం చెప్పకపోయినా పర్లేదు. ఇక్కడే ఉండండి."

తలుపు దాకా వెళ్ళిన శాంభవి ఆగిపోయింది. చెప్పకూడదనే గాని, వెళ్ళిపోవాలని ఏ నియమంలోనూ లేదు. నర్సును పంపి, తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"బయట జనం ఉన్నారు. మీకు ఆలస్యమవుద్దేమోనండీ."

"అవనీలేమ్మా," అంటూ శాంభవి ఆమె చెయ్యి పట్టుకుంది.